గాలి నెయిల్ గన్ ఒక్కసారి నొక్కితే రెండు మేకులు కొడుతోంది, పైగా గాలి కారుతోంది. సాయం కావాలి

సుత్తిచేయి:
అందరికీ నమస్తే. పది రోజుల క్రితం వాడిన నెయిల్ గన్ ఒకటి తీసుకున్నాను, 50 నుంచి 90 మిల్లీమీటర్ల మేకులు పట్టే పెద్ద గన్, దాంతోపాటు 24 లీటర్ల చిన్న కంప్రెసర్. మాన్యువల్ రాలేదు. ఇన్నాళ్లూ సుత్తితోనే పని చేసినవాణ్ణి, ఇప్పుడు షెడ్డు గోడల చట్రాలు దీంతో కొడుతున్నా. ఒక్కసారి నొక్కితే ఒక్కోసారి రెండు మేకులు వచ్చేస్తున్నాయి. నిన్న అలా వచ్చిన రెండో మేకు మొదటిదాని తలకి తగిలి పక్కకి ఎగిరింది, అదృష్టం బాగుండి అటువైపు ఎవరూ లేరు. ఇంకో సమస్య, మేకు తల పూర్తిగా దిగక 3, 4 మిల్లీమీటర్లు పైకే నిలబడుతోంది, అందుకని గాలి ప్రెషర్ 130 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాకా పెంచాను. ట్రిగ్గర్ దగ్గర సన్నగా గాలి కారుతున్న చప్పుడు కూడా వస్తోంది. వీటిలో ఏది ముందు చూడాలి?

ఇంకొకటి. మొన్న గన్ ముక్కులో, అంటే మేకు బయటికొచ్చే కొనలో, మేకు ఇరుక్కుంటే స్క్రూడ్రైవర్‌తో తీస్తున్నాను, మా తమ్ముడు చూసి గాలి పైపు తీయకుండా చేయి పెడతావా అని గట్టిగా అరిచాడు. ట్రిగ్గర్ మీద వేలు లేదు కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. అది నిజంగా అంత ప్రమాదమా?

చెక్కపొట్టు:
మీ తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్ అండీ. ఇరుక్కున్న మేకు వెనక దాన్ని తోసే పిస్టన్ సగం దిగి ఆగిపోయి ఉండొచ్చు, అడ్డం తీసిన క్షణంలో లోపలి గాలి దాన్ని ముందుకి తోసేస్తుంది, దానికి మీ వేలితో పని లేదు. మేకు తీయాలన్నా, మ్యాగజైన్ (మేకులుండే అర) నింపాలన్నా, లోతు సర్దాలన్నా, నిచ్చెన ఎక్కాలన్నా, పక్కవాళ్ల చేతికివ్వాలన్నా ముందు పైపు ఊడదీయాలి. అలవాటు పడేదాకా విసుగ్గానే ఉంటుంది, అయినా చేయండి.

ఇక ప్రెషర్ ఈరోజే తగ్గించండి. ఈ సైజు గన్‌లు చాలావరకు 70 నుంచి 120 పీఎస్ఐ మధ్య పనిచేసేవే, గరిష్ఠం ఎంతో గన్ ఒంటి మీదే రాసి ఉంటుంది, దాన్ని దాటకూడదు. 90 దగ్గర మొదలుపెట్టి పనికిరాని చెక్క మీద కొట్టి చూస్తూ అయిదేసి పెంచుకోండి. 130 పెడితే వెనక్కి తన్నడం ఎక్కువవుతుంది, మీ రెండు మేకుల సమస్యకి అది కూడా ఒక కారణమే అనుకుంటున్నా.

అసలు కారణం మాత్రం ట్రిగ్గర్ రకం. కొన్ని గన్‌లలో ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే ముక్కు చెక్కకి తగిలిన ప్రతిసారీ ఒక మేకు దిగుతుంది, దీన్ని బంప్ ఫైర్ అంటారు. మేకు దిగగానే గన్ వెనక్కి తంతుంది, మీరేమో కిందికి అదిమి పట్టుకుని ఉంటారు, వేలు ఇంకా ట్రిగ్గర్ మీదే ఉంటుంది, ముక్కు మళ్లీ తగులుతుంది, రెండో మేకు వచ్చేస్తుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది, మీ తప్పు ఉందని కాదు. రెండో రకం సీక్వెన్షియల్. దాంట్లో ముందు ముక్కు ఆనించాలి, ఆ తర్వాతే ట్రిగ్గర్ నొక్కాలి, ఇంకో మేకు కావాలంటే రెండూ వదిలి మళ్లీ మొదలుపెట్టాలి. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ఓషా, నియోష్ సంస్థలు 2011లో కలిసి వేసిన మార్గదర్శిలో బంప్ ట్రిగ్గర్‌తో గాయం అయ్యే ప్రమాదం సీక్వెన్షియల్‌తో పోలిస్తే రెండింతలు అని రాశారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి బంప్ అస్సలు వద్దు.

మీది ఏ రకమో చూడాలంటే రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని మందమైన పాత దూలం ముక్క నేల మీద పెట్టండి, ట్రిగ్గర్ ముందే నొక్కి ఉంచి ముక్కు దానికి తాకించండి. మేకు దిగితే బంప్. కొన్ని గన్‌లకి మార్చుకునే స్విచ్ ఉంటుంది, కొన్నిటికి కంపెనీయే సీక్వెన్షియల్ ట్రిగ్గర్ విడిగా అమ్ముతుంది, మోడల్ నంబర్ చెప్పి అడగండి.

గాలిపైపు:
నెయిల్ గన్‌లు రిపేరు చేస్తుంటాను కాబట్టి మిగతా రెండింటి గురించి చెప్తా. గాలి ఎక్కడినుంచి కారుతోందో చూస్తే సగం జబ్బు తెలిసిపోతుంది. ట్రిగ్గర్ దగ్గరైతే ట్రిగ్గర్ వాల్వ్ లోపలి ఓ-రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు ఉంగరం) ఎండిపోయి ఉంటుంది, లేదా దాని కింద చెత్త చేరి ఉంటుంది. పైన గాలి బయటికి పోయే మూత దగ్గరైతే పిస్టన్ మీదికి గాలి వదిలే హెడ్ వాల్వ్ సీల్స్ అనుమానించాలి. ముక్కులోంచి అయితే పిస్టన్ ఓ-రింగో, లోపలి రబ్బరు బంపరో. మీది మొదటిది, అన్నిటికంటే తేలిక, ఆ మోడల్ ఓ-రింగ్ సెట్ దొరికితే అరగంట పని. కారుతున్న వాల్వ్‌తో మాత్రం పని చేయకండి, ట్రిగ్గర్ ఎప్పుడు ఎలా స్పందిస్తుందో నమ్మలేం.

మేకు తల పైకి నిలబడటానికి ప్రెషర్ పెంచడం మందు కాదు. ఒక్కటి గమనించండి: కాసేపు ఆగి కొట్టిన మొదటి మేకు బాగా దిగి, వరసగా కొట్టినప్పుడు నాలుగోదో అయిదోదో పైకి ఉండిపోతోందా? అలా అయితే గాలి చాలట్లేదు. 24 లీటర్ల ట్యాంకు పెద్ద గన్‌కి తొందరగా ఖాళీ అవుతుంది, పైపు సన్నగా, పొడవుగా ఉంటే కంప్రెసర్ మీద ప్రెషర్ సర్దే రెగ్యులేటర్ దగ్గర 100 చూపించినా గన్ దగ్గరికి అంత రాదు. మొదటి మేకు కూడా దిగట్లేదంటే ముక్కు దగ్గర లోతు సర్దే చక్రం తిప్పి చూడండి, తర్వాత మేకుని తోసే బ్లేడు కొన అరిగి గుండ్రంగా అయిందేమో చూడండి. లోపల ఎండిపోయిన గన్ కూడా ఇలాగే నీరసంగా కొడుతుంది.

వాడిన గన్‌లలో నేను ఎక్కువగా చూసేది ఈ ఎండిపోవడమే. రోజూ పని మొదలుపెట్టే ముందు గాలి పైపు తగిలించే చోట నాలుగైదు చుక్కలు నెయిల్ గన్ నూనె వేయండి, అంతకంటే అక్కర్లేదు. తుప్పు వదిలించే స్ప్రే వేయొద్దు, అందులోని సాల్వెంట్ రబ్బరుని పాడుచేస్తుంది. ఇంజిన్ ఆయిల్ కూడా వద్దు. ఆయిల్-ఫ్రీ అని రాసి ఉన్న గన్ అయితే అసలు నూనె వేయకూడదు. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు రోజూ సాయంత్రం వదిలేయాలి, ఇది చాలామంది వదిలేసే పని, ఆ నీళ్లే గాలితోపాటు గన్‌లోకి వచ్చి నూనెని కడిగేసి లోపల తుప్పు పట్టిస్తాయి. మేకుల స్ట్రిప్ (వరసగా అంటించిన మేకుల పట్టీ) కోణం మీ మ్యాగజైన్‌కి సరిపోయేదేనా? 21 డిగ్రీల గన్‌లో 34 డిగ్రీల స్ట్రిప్ పెడితే ఇరుక్కోక ఏం చేస్తుంది.

ఎడమచేయి:
గన్ సంగతి వాళ్లు చెప్పారు, నేను చేయి సంగతి చెప్తా. మూడేళ్ల క్రితం రెండు ముక్కలు కలిపి ఎడమచేత్తో పట్టుకుని కొడుతున్నాను, చేయి ముక్కుకి జానెడు దూరంలో కూడా లేదు. చెక్కలో ముడి ఉంది, నేను చూడలేదు. మేకు దానికి తగిలి వంగి పక్కనుంచి బయటికొచ్చి చూపుడు వేల్లో దిగింది. నొప్పి కంటే ముందు భయం వేసింది. నా పక్కనున్నాయన వెంటనే లాగేయబోయాడు, ఇంకో పెద్దాయన ఆపి అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మేకుల్ని స్ట్రిప్‌గా అంటించే ప్లాస్టిక్ ముక్క వేల్లో ఉండిపోయిందని ఎక్స్‌రే తీసి లోపల చూశాక తెలిసింది, ధనుర్వాతం ఇంజెక్షన్ కూడా వేశారు. అక్కడే లాగేసి కట్టు కట్టుకుని ఉంటే ఆ ముక్క లోపలే చీము పట్టేది.

అందుకే చేయి కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. అంత చోటు లేకపోతే చెక్కని బిగించి పట్టే క్లాంప్ వేయండి, క్లాంప్ కూడా పట్టకపోతే ఆ మేకు సుత్తితోనే కొట్టండి. పక్కల కూడా మూసి ఉండే కళ్లద్దాలు, చెవులకి మఫ్స్ మీకే కాదు, పక్కన నిలబడే మీ తమ్ముడికి కూడా పెట్టండి. నడిచేటప్పుడు వేలు ట్రిగ్గర్ మీదనుంచి తీసేయండి తమ్ముడూ, ఇది మాత్రం మర్చిపోవద్దు.

సుత్తిచేయి:
అందరికీ చాలా థ్యాంక్స్. ఎడమచేయి అన్నా, మీది చదివాక నిజంగా టెన్షన్ వచ్చింది, ఇన్ని రోజులూ నేను అలాగే పట్టుకుని కొట్టాను. టెస్ట్ చేశాను, బంపే. ప్రెషర్ 95కి తగ్గించాను. ఇంకో రెండు చూశాను. ముక్కు దగ్గర చెక్కకి ఆనే కడ్డీ లోపలికి నొక్కితే ఒక్కోసారి వెంటనే బయటికి రావట్లేదు. రెండోది నాకు అర్థం కాలేదు. పైపు తీసేశాక గన్‌ని పాత చెక్క మీద ఆనించి నొక్కితే ఇంకో మేకు దిగింది! పైపు లేకుండా ఎలా?

గాలిపైపు:
రెండూ ఆపేయాల్సిన విషయాలే, ఇవి సరయ్యేదాకా గన్ ముట్టుకోవద్దు. ఆ కడ్డీ లోపలే ఉండిపోతే గన్ తను చెక్కని ఆనుకున్నట్టే అనుకుంటుంది, అప్పుడు గాల్లో ట్రిగ్గర్ నొక్కినా మేకు బయటికి వస్తుంది. గాలి లేకుండా చేసి, మేకులన్నీ తీసేసి, బ్రష్‌తో చెక్కపొట్టు, జిగురు శుభ్రం చేయండి, స్ప్రింగు విరిగిందేమో, కడ్డీ వంగిందేమో చూడండి. దాన్ని కట్టేయడం, తీసేయడం లాంటివి ఎవరు చెప్పినా వినొద్దు.

పైపు తీసినా పేలిందంటే ఎవరో గన్‌కి తప్పు కప్లర్ (పైపు తగిలించే జోడింపు) బిగించారు. గన్ మీద మగ ప్లగ్ ఉండాలి, దాంట్లో వాల్వ్ ఉండదు, పైపు ఊడగానే లోపలి గాలి బుస్సుమని బయటికి పోతుంది. వాల్వ్ ఉండే ఆడ కప్లర్ పైపు వైపు ఉండాలి. మీది తిరగేసి ఉంది కాబట్టి గాలి గన్‌లోనే బందీ అయింది, పైపు తీశాం కదా అని మీరు ముక్కులో వేలు పెడతారు. పాత వస్తువుల్లో ఇలాంటివి చూస్తూనే ఉంటాను.

సుత్తిచేయి:
చూశాను, మీరన్నట్టే గన్ మీద ఆడ కప్లర్ ఉంది. రేపు ప్లగ్ మార్చి, పైపు తీసినప్పుడు గాలి మొత్తం పోతోందో లేదో చెక్క మీద ఆనించి మళ్లీ చూస్తా. సీక్వెన్షియల్ ట్రిగ్గర్, ఓ-రింగ్ సెట్ ఆర్డర్ పెట్టాను, వచ్చేదాకా చట్రాలు సుత్తితోనే కొడతాను.