వెలాసిటీని ‘ఒత్తు’ అనొచ్చా?

మిడి (కీబోర్డూ కంప్యూటరూ స్వరాల సమాచారం పంపుకునే పద్ధతి) పాఠాలు తెలుగులో రాస్తున్న ఒకరు నిన్న ఇక్కడ వెలాసిటీని, అంటే మీటను ఎంత గట్టిగా కొట్టామో చెప్పే అంకెను, ‘వేగం’ అన్నారు. కింద ఇద్దరు దాన్ని ‘ఒత్తు’ అని దిద్దారు. ఆ దిద్దుబాటు మీదే నా అభ్యంతరం.

మాది అనంతపురం. స్విచ్చును మేం నొక్కం, ఒత్తుతాం. పక్కనున్న కన్నడంలోనూ ఒత్తడమంటే అదే. కాళ్లు ఒత్తుతాం, చపాతీలు ఒత్తుతాం, మాట ఒత్తి పలుకుతాం. నాకు ప్రాణమైన మాట, అందుకే తప్పుచోట కనబడితే ఊరుకోలేను. కాళ్లు ఒత్తేటప్పుడు చూడండి, చెయ్యి ఆనాక కూడా బరువు నిలుస్తుంది. వెలాసిటీలో ఆ నిలవడం లేదు. చాలా కీబోర్డుల్లో ప్రతి మీట కిందా రెండు కాంటాక్టులుంటాయి. మీట దిగేటప్పుడు మొదటిది తగిలాక రెండోది తగలడానికి ఎంతసేపు పట్టిందో చూసి, కీబోర్డు 1 నుంచి 127 లోపు ఒక అంకె పంపుతుంది. ఆ తర్వాత ఎంత అదిమినా ఆ అంకె మారదు. కొలత లెక్కన ‘వేగం’ తప్పు కాదు గానీ, ‘వేగం పెంచు’ అని చదివిన పిల్లలు టెంపో, అంటే పాట నడక, పెంచేస్తారు.

నాకు మాట దొరికింది వేరేచోట. పీర్ల పండక్కి ఒక పాట చేస్తూ తప్పెట దరువును కంప్యూటర్లో మౌసుతో పెట్టినాను. దెబ్బలన్నీ వెలాసిటీ 100 మీదే ఉన్నాయి. తప్పెట కొట్టే పెద్దాయన విని, ‘‘దరువు సరిగానే ఉండాది గానీ అన్నీ ఒకే దెబ్బ కొట్నావు గదప్పా! సిటికెన పుల్ల ఇంత గట్టిగా పలుకుతాదా?’’ అన్నాడు. ఆ సన్నపుల్ల దెబ్బలు 45కు దించి, దరువు మొదటి దెబ్బను 115కు లేపినాను. శబ్దం హెచ్చుతగ్గులే కాదు, చర్మం పలికే తీరే మారింది. చిన్న అంకెలకు మెల్లగా కొట్టి రికార్డు చేసిన శబ్దం వేరే ఉంటుంది మరి. వెలాసిటీకి ‘దెబ్బ’ అందాం.

మరి ‘ఒత్తు’? దానికి సొంత చోటుంది, ఆఫ్టర్‌టచ్. మీట అడుగుదాకా దిగాక, చెయ్యి తియ్యకుండా ఇంకాస్త అదిమితే కొన్ని కీబోర్డులు ఆ బరువునీ పంపుతాయి. దాంతో స్వరాన్ని వణికించవచ్చు. అచ్చంగా ఒత్తడమే.

కర్నూలు నుంచి ఒకరి జవాబు: తప్పెటకు బాగుందన్నా. కీబోర్డులో వయొలిన్ శబ్దానికి ‘దెబ్బ’ ఎబ్బెట్టుగా లేదూ? ‘తాకిడి’ అంటే?

నా జవాబు: తాకిడి అనగానే తిరునాళ్ల జనం గుర్తొస్తారు తమ్ముడూ, వరద గుర్తొస్తుంది. వయొలిన్లలో సాగే స్వరాన్ని చాలావరకు కీబోర్డు పక్కన తిప్పే మాడ్యులేషన్ చక్రంతోనే పెంచీ తగ్గిస్తారు, అక్కడ వెలాసిటీతో పని తక్కువ. వీణ శబ్దానికి మాత్రం నువ్వన్నట్టు దెబ్బ పనికిరాదు. దానికి ‘మీటు’ అందాం, మన మీటలోనే ఉందిగా ఆ మాట.