వెయిటేజీ ఇస్తే సెల్‌ఫోన్ మాత్రమే ఉన్న ఇళ్ల లోటు తీరుతుందా?

అమెరికా టెలిఫోన్ సర్వేల మీద ప్రాజెక్టు చేస్తూ ఒక దగ్గర ఆగిపోయాను. తెలిసినవాళ్లు కాస్త చెప్పగలరా?

అక్కడ 2016 చివరికల్లా సగానికి పైగా ఇళ్లలో సెల్ తప్ప ల్యాండ్‌లైన్ లేదు. వాటిలో కుర్రవాళ్లు, అద్దెకుండేవాళ్లు ఎక్కువ. 1991 నాటి చట్టం వల్ల అనుమతి లేకుండా సెల్ నంబర్లకు ఆటో డయలర్ (నంబర్లను తనంతట తానే డయల్ చేసే యంత్రం) వాడటం కుదరదు. మనిషే నంబర్ నొక్కాలి, ఖర్చెక్కువ. అందుకని కొందరు ల్యాండ్‌లైన్లకే ఫోన్ చేసి, వయసును బట్టి వెయిటేజీ ఇచ్చి (అంటే తక్కువగా దొరికిన వయసువాళ్ల జవాబులకు ఎక్కువ విలువ కట్టి) సరిపెట్టేవారు.

నా అనుమానం ఇక్కడే. ల్యాండ్‌లైన్ ఉన్న పాతికేళ్ల కుర్రాడు (బహుశా అమ్మానాన్నలతో ఉంటాడు!), సెల్ మాత్రమే ఉన్న పాతికేళ్ల కుర్రాడు ఒకేలా ఓటేస్తారా? వయసు ఒకటే అయినా బతుకులు వేరు కదా. ఇంకొకటి: ల్యాండ్‌లైన్లకూ సెల్ నంబర్లకూ ఫోన్ చేసే సర్వేల్లో, రెండు ఫోన్లూ ఉన్నవాళ్లు రెండు నంబర్ల జాబితాల్లోనూ తగులుతారు. వాళ్లను ఎలా లెక్కగడతారు? ఫార్ములా కన్నా చిన్న ఉదాహరణ చూపిస్తే మేలు.