అప్‌డేట్: పసుపెక్కిన మంచు సంగతి

పోయిన నెల అడిగింది నేనే. 1/35 స్కేలు (అసలు సైజులో 35వ వంతు) టీ-34 సోవియట్ ట్యాంకు మోడల్ బేస్ మీద వంట సోడా, తెల్ల జిగురు కలిపి వేసిన నకిలీ మంచు పసుపెక్కిందని. మీరు చెప్పినట్టే గోకేశాను. చెన్నై ఉక్కకి సగం దానంతటదే ఊడొచ్చింది, అది వేరే సంగతి.

ఈసారి గాజు మైక్రోబెలూన్లు, అంటే లోపల బోలుగా ఉండే సన్నటి గాజు పూసల పొడి వాడాను. ఫైబర్‌గ్లాస్ సామాన్ల కొట్లో దొరికాయి. పొడి ఎంత తేలికంటే, వేళచ్చేరి ఫ్లాట్‌లో ఫ్యాను ఆపకుండా డబ్బా మూత తీశానా, టేబులంతా మంచే! మాస్కు తప్పనిసరి. జిగురులో కాస్త తెల్ల ఆక్రిలిక్ రంగు, మెరిసే వార్నిష్ వేసి, ఇడ్లీ పిండి కంటే గట్టిపడేదాకా పొడి కలిపాను. ట్రాకుల (ట్యాంకు చక్రాల చుట్టూ తిరిగే పట్టీల) సందుల్లో టూత్‌పిక్‌తో కూరాను. తడి ఆరకముందే పైన పొడి జల్లిస్తే, అచ్చం అప్పుడే కురిసినట్టుంది.

ఒక్కచోట లెక్క తప్పింది. ఒక మూల సెంటీమీటరున్నర మందం వేశాను. ఈ స్కేలులో అది అరమీటరు పైనే, పాపం సైనికుడి బొమ్మ మోకాళ్ల దాకా మునిగింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి స్టాలిన్‌గ్రాడ్ చలికాలం కదా అని వదిలేశాను. చక్రాల దగ్గర బురద కలిసిన మంచు మాత్రం ఇంకా కుదర్లేదు, కాఫీ పొడి ఒలికినట్టుంది.