కివి ఆడపువ్వును ద్విలింగం అనకూడదా?

మల్లెపాదు: డిగ్రీ పిల్లలకు బోటనీ చెప్తాను. కివి (ఆక్టినీడియా) తీగల్లో ఆడ, మగ వేరని పుస్తకాల్లో ఉంటుంది. కానీ హేవర్డ్ అనే ఆడ రకం పువ్వు ఫొటో దగ్గరగా చూడండి. నడిమధ్య గొడుగు పుల్లల్లా విచ్చుకున్న తెల్లటి కీలాలు (ఆడ భాగాలు), చుట్టూ గుత్తులుగుత్తులుగా పసుపు రంగు కేసరాలు (పుప్పొడినిచ్చే మగ భాగాలు). రెండూ ఉంటే ద్విలింగ పుష్పమని మనమే నేర్పుతాం కదా! నా ఓటు ద్విలింగానికే.

కొండగాలి: మేడం, నేను న్యూజిలాండ్‌లో కివి తోటలో పనిచేశాను. నవంబరులో పూత. ఆడపువ్వును దులిపినా వేలికి పొడి అంటుతుంది, నిజమే. కానీ అది డొల్ల పుప్పొడి, మొలకెత్తదు. మగ తీగలు లేకుండా హేవర్డ్ ఒక్కటే వేస్తే పూత విరగబూస్తుంది, కాయ నిలవదు. అందుకే మధ్యమధ్య మగ తీగలు నాటి, పూతవేళకి తేనెపెట్టెలు తెప్పిస్తారు. మన తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే ఇదీను. కాయ పట్టించలేని పొడిని లెక్కలో వేసుకుని ఏం చేస్తాం?

మల్లెపాదు: మరి పనికిరాని పొడిని మొక్క ఎందుకు తయారుచేస్తున్నట్టు?

కొండగాలి: తేనెటీగ కోసం. కివి పువ్వులో మకరందం ఉండదండీ, ఆడదైనా మగదైనా. దానికి దొరికేది పుప్పొడే. ఆ పొడి కూడా లేకపోతే ఆడపువ్వు మీద ఎందుకు వాలుతుంది?

ఎర్రమట్టి: ఇద్దరూ ఒక్క పువ్వు దగ్గరే ఆగిపోయారు. కివి ఉన్న ఆక్టినీడియేసి కుటుంబంలో మూడే ప్రజాతులు (జీనస్‌లు): ఆక్టినీడియా, సౌరౌయియా, చైనాలో మాత్రమే పెరిగే క్లెమటోక్లెత్రా. క్లెమటోక్లెత్రావి నిఖార్సైన ద్విలింగ పుష్పాలు. సౌరౌయియాలో (నేపాల్‌లో పశువుల మేతకి కొమ్మలు నరికే చెట్టు ఒకటి ఇందులోదే) ద్విలింగాలున్నాయి, మధ్య అమెరికాలో కివిలా ఆడ, మగ వేరైనవీ ఉన్నాయి. అంటే ఆ కేసరాలు పూర్వీకుల నుంచి వచ్చిన ఆస్తి అనుకోవడమే సబబు.

ఇంకోటి. మగ మొక్కలోని వై క్రోమోజోము మీద రెండు జన్యువులున్నాయి. షై గర్ల్ అనేది అండకోశాన్ని (పువ్వులోని ఆడ భాగాన్ని) ఎదగనివ్వదు, ఫ్రెండ్లీ బాయ్ పుప్పొడిని బతికిస్తుంది. జపాన్ శాస్త్రవేత్త తకాషి అకాగి బృందం ఫ్రెండ్లీ బాయ్‌ని ఆడ మొక్కలో పెట్టి చూసింది, ఫలితాలు 2019లో వచ్చాయి. ఆ మొక్క ద్విలింగి అయిపోయింది! ఒక్క జన్యువు తేడా, అంతే. అందుకని పిల్లలకు రెండూ చెప్పాలంటాను: నిర్మాణంలో ద్విలింగం, పనిలో ఆడది.

కొండగాలి: నర్సరీలో మొక్క కొనేవాడికి ఆ రెండోదే ముందు చెప్పండి.

మల్లెపాదు: సరే, నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా. అయితే పరీక్షలో బొమ్మ ఇచ్చి అడిగినప్పుడు, కేసరాలు చూసి ద్విలింగం అని రాసిన పిల్లకి మాత్రం సున్నా వేయను.