పాత ఫెల్ట్ టోపీ: ఇంట్లో ఆవిరి పట్టుకోవచ్చా, షాపుకి ఇవ్వాలా?

తెనాలి_రవి (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్తే. మా వీధిలో జరిగిన ఎస్టేట్ సేల్‌లో (ఇంట్లో పాత సామాన్లన్నీ అమ్మేస్తారు కదా, అది) పాత ఫెడోరా టోపీ ఒకటి దొరికింది. బూడిద రంగు, నల్ల రిబ్బన్. అట్టపెట్టెతో సహా పదిహేను డాలర్లు. పెట్టె మీద ఏళ్ల తరబడి ఏవో బరువులు పెట్టినట్టున్నారు, క్రౌన్ (తల మీద కూర్చునే పై భాగం) ఒక పక్కకి అణిగిపోయింది. బ్రిమ్ (చుట్టూ గొడుగులా ఉండే భాగం) ఎగుడుదిగుడుగా వంకర్లు తిరిగింది. లోపలి తోలు పట్టీ ఎండినట్టుంది గానీ చిరగలేదు. సైజు 7¼ అని ఉంది. పెట్టుకుంటే నుదుటి దగ్గర నొక్కుతోంది, చెవుల వైపు మాత్రం వేలు దూరేంత సందు ఉంది.

ఇది ఉన్నిదా, బొచ్చుదా ఎలా తెలుస్తుంది? యూట్యూబ్‌లో కెటిల్ ఆవిరి పట్టి సరిచేసేస్తున్నారు, మనం చేసుకోవచ్చా? మా ఆవిడ డ్రైక్లీనింగ్‌కి పడేయమంటోంది. పెట్టె మీద షాపు అడ్రసు చివర "డాలస్ 1, టెక్సస్" అని ఉంది. నెలాఖరున ఆఫీసులో పాతకాలం వేషాల పార్టీ ఉంది, అదీ అసలు టెన్షన్.

మియాపూర్_మధు

బ్రో, ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడు. వెంట్రుకలు కాలిన వాసన వస్తే ఒరిజినల్ బొచ్చు, ప్లాస్టిక్ వాసన వస్తే డూప్లికేట్. వంకర్లు తీయడానికి తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసేయ్, అయిపోతుంది.

చీరాల_టైలరుగారబ్బాయి (గార్లండ్, టెక్సస్)

రవి గారూ, ఆగండి. ఇస్త్రీపెట్టె జోలికి వెళ్లకండి. మధు తమ్ముడూ, ఏమీ అనుకోకు. ఉన్ని కాలినా కుందేలు బొచ్చు కాలినా వచ్చేది ఒకటే వాసన. రెండూ వెంట్రుకలే కదా. కాల్చి చూస్తే పాలియెస్టర్ కలిసిందో లేదో తెలుస్తుంది, అంతకు మించి తెలియదు. ఇస్త్రీ చేస్తే పైనున్న నూగు అణిగిపోయి మెరుపు మచ్చలు పడతాయి. అవి మళ్లీ పోవడం కష్టం.

వారాంతాల్లో నేనిక్కడ ఒక టోపీల షాపులో పనిచేస్తాను. కౌంటరు వెనక ఆవిరి యంత్రం దగ్గర నా డ్యూటీ. మా నాన్నగారు చీరాలలో టైలరు. బట్టని వేళ్ల మధ్య నలిపి అదేమిటో చెప్పేసేవారు. ఇక్కడా అదే పద్ధతి. బ్రిమ్ అంచుని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా వంచండి. పల్చగా ఉండి, మెత్తగా వంగి, మళ్లీ తన చోటికి వచ్చేస్తే బొచ్చు. మందంగా, బిరుసుగా ఉండి చేతికి గరగరలాడితే ఉన్ని. తోలు పట్టీ మీద "బీవర్" (నీళ్లలో తిరిగే బొచ్చుజంతువు) అనో, నాణ్యత చెప్పే ఎక్స్ (X) గుర్తులో ఉంటే చూడండి. కాకపోతే ఎక్స్‌లని మరీ నమ్మకండి. వాటికి అందరూ ఒప్పుకున్న కొలత లేదు. ఒక కంపెనీ 4ఎక్స్‌కీ ఇంకో కంపెనీ 4ఎక్స్‌కీ పోలిక ఉండదు, ఒకే కంపెనీలోనైనా అప్పటి లెక్క వేరు, ఇప్పటి లెక్క వేరు.

ఉన్నిదా బొచ్చుదా అన్నది ఎందుకంత ముఖ్యమంటే, ఫెల్ట్ నేసిన బట్ట కాదు. పడుగూ పేకా ఉండవు. కుందేలు, బీవర్ చర్మాల మీది పొడుగు వెంట్రుకలు తీసేసి, అడుగున ఉండే సన్నబొచ్చు మాత్రమే వాడతారు. ఒక్కో వెంట్రుక మీద కంటికి కనపడని పొలుసులుంటాయి. వేడినీళ్లతో తడిపి నలుపుతూ పోతే అవి ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటాయి. మొదట్లో రెండింతల పైనే ఉన్న శంఖు ఆకారం చివరికి తల సైజుకి దిగుతుంది. గొర్రె ఉన్ని కూడా ఇలాగే చిక్కుకుంటుంది గానీ పోగులు లావు, అల్లిక అంత దగ్గరగా రాదు. అందుకే ఉన్ని టోపీ వానలో తడిస్తే సోలిపోతుంది, వేడి తగిలితే ముడుచుకుంటుంది. మంచి బొచ్చు టోపీకి మాత్రం ఎన్నిసార్లు ఆవిరి పట్టినా ఓర్చుకుంటుంది.

ఫెల్ట్ నిలబడటానికి షెల్లాక్ కూడా పట్టిస్తారు. అది మన లక్కే. లాడ్ బజార్‌లో లక్కని నిప్పుల మీద కాచి మెత్తబడగానే గాజుగా చుట్టేస్తారు, చల్లారితే ఆ వంపు అలాగే ఉండిపోతుంది. టోపీ సంగతీ అంతే. కౌబాయ్ టోపీల్లో షెల్లాక్ ఎక్కువ, మీ ఫెడోరా లాంటి మెత్తటి వాటిలో తక్కువ. కాబట్టి మీకు ఆవిరి కొంచెం చాలు.

అయితే పాత టోపీకి ఆవిరి పట్టే ముందు ఒక విషయం చూసుకోవాలి. ఒకప్పుడు బొచ్చు బాగా చిక్కుకోవాలని పాదరసం కలిసిన ద్రావణం పూసేవారు. కనెక్టికట్‌లో డాన్‌బరీ అని టోపీల ఊరు, అక్కడి పనివాళ్లకి చేతులు వణికే జబ్బు రావడంతో దానికి "డాన్‌బరీ షేక్స్" అని పేరే పడిపోయింది. అమెరికాలో 1941 డిసెంబరులో ఆ పద్ధతి ఆపించారు. అంతకుముందు చేసిన టోపీల్లో పాదరసం ఇంకా ఉండొచ్చు, వేడి చేస్తే ఆవిరిలో బయటికొస్తుంది. మ్యూజియంల వాళ్లు పాత టోపీల్ని గ్లౌజులు లేకుండా ముట్టుకోరు.

ఇక్కడే మీ అట్టపెట్టె పనికొస్తుంది. "డాలస్ 1" అన్నది పోస్టల్ జోన్ నంబరు. ఆ నంబర్లు 1943లో పెట్టారు, 1963లో జిప్ కోడ్ రావడంతో పోయాయి. పెట్టె ఆ టోపీదే అయితే మీది నిషేధం తర్వాతి సరుకే అనుకోవచ్చు. తోలు పట్టీ పైకి తిప్పి వెనక చూడండి, చిన్న కాగితం లేబుల్ ఉండొచ్చు. "యునైటెడ్ హ్యాటర్స్, క్యాప్ అండ్ మిల్లినరీ వర్కర్స్" అని ఉంటే 1934 తర్వాతిది, ఎందుకంటే ఆ పేరుతో యూనియన్ కలిసింది అప్పుడే. ఏది ఏమైనా వంటింట్లో చేయకండి, బయట పాటియోలో చేయండి.

ఇక పని. ముందు పొడిబ్రష్‌తో దుమ్ము దులపండి. ఎడమ పక్క నుంచి మొదలుపెట్టి, పైనుంచి చూస్తే గడియారానికి ఎదురు దిశలో తిప్పుతూ, ఎందుకంటే నూగు ఆ వైపుకే పడి ఉంటుంది. తోలు పట్టీని పూర్తిగా బయటికి తిప్పేయండి. తడివేడి తగిలితే తోలు ముడుచుకుపోతుంది, ఒకసారి ముడుచుకుంటే టోపీ సైజు కూడా దాంతోపాటే తగ్గుతుంది. కెటిల్ మూతికి జానెడు పైన పట్టుకోవాలి. ఫెల్ట్ మీద నీటిచుక్కలు కనిపిస్తే మరీ దగ్గరగా పట్టారన్నమాట.

బ్రిమ్‌తో మొదలుపెట్టండి. అరచెయ్యి వెడల్పు ముక్కకి ఆవిరి పట్టగానే కాసేపటికి అది చేతిలో వేలాడిపోతుంది. అప్పుడు అడుగున నాలుగు వేళ్లు, పైన బొటనవేలు పెట్టి లోపల్నుంచి అంచు వైపు లాగుతూ సాపు చేయండి. చల్లారేదాకా వదలకూడదు. చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఆకారం నిలిచేది చల్లారేటప్పుడే. క్రౌన్‌కి లోపలి వైపు నుంచి ఆవిరి పట్టి, పిడికిలితో మెల్లగా బయటికి తోసి పాత మడతలన్నీ తీసేయండి, గుండ్రంగా గిన్నెలా అవ్వాలి. తర్వాత చేతి అంచుతో మధ్యలో పల్లం, ముందు రెండు పక్కలా వేళ్లతో నొక్కు. దానికి ముందు మాత్రం ఆ నొక్కు ఉన్న చోటు దీపానికి అడ్డంగా పెట్టి చూడండి. అందరూ పట్టుకునేది అక్కడే కాబట్టి మొదట పగిలేదీ అక్కడే. వెలుతురు సూదిమొనంత కనిపించినా పాత మడతని కదిలించకండి.

మీకు సైజు సమస్య కాదు, ఆకారం సమస్య. మీ తల కాస్త కోల, టోపీ గుండ్రం. టోపీని లోపల్నుంచి సాగదీసే స్క్రూ ఉండే చెక్క స్ట్రెచర్ కొనకండి, ఆ వయసు తోలు కుట్టు దగ్గర చీలిపోతుంది. బ్రిమ్, క్రౌన్ కలిసే చోట బయట నుంచి ఆవిరి పట్టి, చెవుల వైపు రెండు చేతులతో లోపలికి నొక్కి పట్టండి. గోరువెచ్చగా ఉండగానే తలకి పెట్టుకుని పది నిమిషాలు కూర్చోండి. తోలు పట్టీలో చిన్న ముడి ఉన్న వైపు వెనక్కి రావాలి. నవ్వకండి, తిప్పి పెట్టుకుని "నొక్కుతోంది" అని వచ్చేవాళ్లని చూశాను.

డ్రైక్లీనింగ్ వద్దని మా చెల్లెమ్మకి చెప్పండి. ఆ తోలు, రిబ్బన్ తట్టుకోలేవు.

పెర్త్_పద్మ

టైలరుగారబ్బాయి గారూ, మధ్యలో దూరుతున్నాను. మా ఆయనకి అకుబ్రా ఉంది, న్యూ సౌత్ వేల్స్‌లో కెంప్సీలో చేసే కుందేలు బొచ్చు టోపీ. ఇంటికి రాగానే బల్ల మీద బ్రిమ్ ఆనేలా పడేస్తారు, ముందు భాగం సాపైపోయింది. అదొకటి. మొన్న అల్మరాలోంచి తీస్తే నూగు అక్కడక్కడా కొరికేసినట్టు ఉంది. చిమ్మటలేనా? పైన చెమట గీత కూడా తెల్లగా కనిపిస్తోంది.

చీరాల_టైలరుగారబ్బాయి

చిమ్మటలేనమ్మా. ఇంకా చెప్పాలంటే వాటి పిల్లపురుగులు. బొచ్చూ ఉన్నీ రెండూ వాటికి ఇష్టమే, చెమట, నూనె తగిలిన చోటయితే మరీ. బయట బాగా బ్రష్ చేసి, ప్లాస్టిక్ సంచిలో గాలి లేకుండా కట్టి, వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. తీశాక సంచి విప్పకుండా గది వేడికి రానివ్వండి, లేకపోతే తేమ ఫెల్ట్ మీదే చేరుతుంది. కొరికేసిన నూగు తిరిగి రాదు. కలరా ఉండలు పెడితే గుడ్డలో కట్టి టోపీకి తగలకుండా పెట్టండి.

తెల్లగీత ఉప్పు. తడిపి పిండేసిన స్పాంజితో గీత మీద మాత్రమే కాకుండా ఆ పక్క మొత్తం అద్దండి, లేకపోతే కొత్త అంచు పడుతుంది. ఇకమీదట మీ ఆయన్ని టోపీ తిరగేసి క్రౌన్ మీద పెట్టమనండి. వానలో తడిస్తే తోలు పట్టీ బయటికి తిప్పి, దాని మీద నిలబెట్టి, ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. హెయిర్ డ్రయ్యర్ వద్దు, కారు డ్యాష్‌బోర్డు అసలే వద్దు.

మియాపూర్_మధు

అన్నా, మరి నూనె మరకకి? మా తాతగారిదొకటి బీరువాలో ఉంది.

చీరాల_టైలరుగారబ్బాయి

మొక్కజొన్న పిండి చల్లి రాత్రంతా వదిలేయ్, పొద్దున బ్రష్ చెయ్. నల్లటోపీ అయితే పిండి పూర్తిగా పోవడానికి ఓపిక కావాలి. ముందది ఫెల్టేనా చూసుకో. తాతలనాటి తెల్లటి గట్టి టోపీ అయితే అది షోలా టోపీ అయ్యుండొచ్చు. బెండుతో చేసి పైన గుడ్డ అంటిస్తారు, దానికి ఆవిరి తగిలితే అంతే సంగతులు.

తెనాలి_రవి

లేబుల్ దొరికిందండీ, మీరు చెప్పిన యూనియన్ పేరే. నొక్కు దగ్గర వెలుతురు కనపడలేదు. బ్రిమ్ పాటియోలో చేశాను, ముందు భాగం బాగా వచ్చింది, వెనక ఇంకా ఒక అల మిగిలింది. నుదుటి నొప్పి చాలా వరకు తగ్గింది. రిబ్బన్ మాత్రం ఎండకి వెలిసినట్టుంది, విప్పి కొత్తది కుట్టనా?

చీరాల_టైలరుగారబ్బాయి

ఇప్పుడే వద్దు. దాని కింద ఫెల్ట్ అసలు రంగులో ఉంటుంది, కొత్త రిబ్బన్ ఒక్క నూలుపోగంత సన్నమైనా ముదురుగీత బయటపడుతుంది. వెడల్పు కొలిచి, సరిగ్గా అంతే ఉన్న గ్రోస్‌గ్రెయిన్ రిబ్బన్ (అడ్డగీతల నేత ఉన్నది) దొరికాకే విప్పండి. వెనక అలకి ఇంకోసారి ఆవిరి పట్టండి, ఈసారి చల్లారేదాకా రెండు చేతులూ తీయొద్దు.