విస్కీ సీసా కార్క్ విరిగింది, ఇప్పుడు దేంతో మూయాలి?

ఇంట్లో బార్ అలమరలో 43 శాతం ఆల్కహాల్ ఉన్న విస్కీ సీసాని వైన్ లాగే పడుకోబెట్టి 8 నెలలు ఉంచాను. తప్పే, విస్కీని నిలబెట్టి ఉంచాలని తర్వాత తెలిసింది. నిన్న మూత తిప్పితే చెక్క తల మాత్రం చేతికొచ్చింది, కార్క్ మెడలోనే ఉండిపోయింది. స్క్రూ దింపి లాగితే తడిసిన రస్కులా పొడిపొడి అయింది. టీ జల్లెడకి ముక్కలు ఆగాయి గానీ నలుసులు ఆగలేదు. కాఫీ ఫిల్టర్ పేపర్‌తో రెండుసార్లు వడకట్టాక తేటపడింది. రుచి బాగానే ఉంది.

ఇంకా 500 మి.లీ. మిగిలింది. పాత రమ్ సీసా కార్క్ పెడితే వదులు. ప్లాస్టిక్ కవర్ చుట్టి రబ్బరు బ్యాండ్ వేస్తే తెల్లారేసరికి అలమరంతా వాసన. నేను తాగేది నెలకి ఒకటో రెండో చిన్న పెగ్గులు, అంటే ఏడాదైనా నిలవుండాలి.

మర మూత ఉన్న గాజు సీసాలోకి మార్చేయనా, ఈ మెడకే సరిపోయే కొత్త కార్క్ వెతకనా?