ఉల్లి ఆకు ఏపుగా ఉంది, గడ్డ మాత్రం ఊరడం లేదు

ప్రశ్న (జడ్చర్ల): అందరికీ నమస్కారం. ఆన్‌లైన్‌లో తెప్పించిన పసుపు రంగు విదేశీ ఉల్లి విత్తనాన్ని అక్టోబరులో నారు పోసి, డిసెంబరు మొదట్లో మా ఎర్ర చెల్కలో నాటాము. మార్చి నెలాఖరు వచ్చినా, మొక్కను పీకి చూస్తే మెడ ఎంత లావుందో అడుగు కూడా అంతే ఉంది. పక్క చేనులో ఎర్ర ఉల్లి కాడలు అప్పుడే వాలుతున్నాయి. ఇంకొక దఫా యూరియా వేయమంటారా?

జవాబు (గద్వాల): దయచేసి వేయకండి, మెడ ఇంకా లావెక్కడం తప్ప ఫలితం ఉండదు. గడ్డ ఊరడం మొదలైన మొక్కకు అడుగు భాగం మెడకు రెండింతలు కావాలి. ఆ మార్పును ప్రధానంగా నడిపించేది పగటి నిడివి, దానికి తోడు వేడి. ప్యాకెట్ మీద ‘లాంగ్ డే’ అని ఉందేమో చూడండి. అటువంటి రకాలకు 14 గంటలకు మించిన పగలు కావాలి. మన పాలమూరులో డిసెంబరు పగలు సుమారు 11 గంటలు, మార్చి నెలాఖరుకు 12 గంటలు.

ప్రశ్న (జడ్చర్ల): అయితే నీళ్లు కట్టి జూన్ దాకా ఉంచితే ఊరుతుందా అన్నా?

జవాబు (గద్వాల): ఊరదు తమ్ముడూ. మన దగ్గర జూన్‌లోనూ పగలు సుమారు 13 గంటలే. ఎండాకాలపు బోరు నీళ్లు దానికి ధారపోయకుండా, ఇప్పుడే పీకి ఉల్లికాడల కట్టలుగా అమ్ముకుంటే కొంతైనా చేతికొస్తుంది.

ఇకపై మన పొట్టి పగళ్లకు తగిన రకాలే తీసుకోండి, వాటిలోనూ కాలం చూసుకోవాలి. వానాకాలం పంట పగలు తగ్గుతున్న అక్టోబరు, నవంబరులలో ఊరుతుంది కనుక అగ్రిఫౌండ్ డార్క్ రెడ్, అర్క కళ్యాణ్, భీమా సూపర్, ఎన్-53 సరిపోతాయి. యాసంగి పంట పగలు పెరుగుతున్న ఫిబ్రవరి, మార్చిలలో ఊరుతుంది కనుక అగ్రిఫౌండ్ లైట్ రెడ్, అర్క నికేతన్, భీమా శక్తి, భీమా కిరణ్ మేలు. ఇవి ఎక్కువ నెలలు నిల్వ ఉంటాయి, కాబట్టి దేవరకద్ర మార్కెట్‌లో ధర పడిపోయినప్పుడు ఆగే వీలుంటుంది. యాసంగి రకాన్ని వానాకాలంలో వేస్తే మళ్లీ లావు మెడల బాధే ఎదురవుతుంది.

విత్తనం ఏ సంవత్సరానిదో కూడా చూసి కొనండి. ఏడాది దాటిన ఉల్లి విత్తనానికి మొలక శాతం బాగా పడిపోతుంది.